ట్రాన్సిల్వేనియా నుంచి కొండారెడ్డి బురుజు దాకా

గోథిక్ నవలలో భయం ఎప్పుడూ వేరే ఊళ్ళో ఉంటుంది. 1764లో హొరేస్ వాల్పోల్ 'ఒట్రాంటో' కోటని ఇటలీలో పెట్టాడు. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ 'ఉడాల్ఫో' కోటని కూడా ఇటలీ కొండల్లోనే కట్టింది. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులాని ట్రాన్సిల్వేనియాకి పంపాడు. ఆ ప్రాంతానికి ఆయన ఒక్కసారి కూడా వెళ్ళలేదు, పుస్తకాలు చదివి రాశాడు. లండన్‌లో చలిమంట పక్కన కూచుని చదివేవాడికి ఆ దూరమే ధైర్యం. రక్తం తాగేవాడు ఉన్నాడు, కానీ మన వీధిలో లేడు.

తెలుగు సినిమాకి ఆ ట్రాన్సిల్వేనియా మా కర్నూలు, కడప. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. వీటిని గోథిక్ అని ఎవరూ అనలేదు గానీ సరుకు మాత్రం అదే: కోటలాంటి ఇల్లు, తరాల నాటి పగ, ఎండిపోయిన నేల, రక్తం. రాడ్‌క్లిఫ్ నవలలో ఎమిలీని మేనత్త మొగుడు మోంటోని కొండకోటలో ఉంచి బెదిరిస్తాడు. 'ఒక్కడు'లో ఓబుల్‌రెడ్డి బలవంతపు పెళ్ళి నుంచి పారిపోతున్న అమ్మాయిని హైదరాబాద్ కుర్రాడు తప్పించి నగరానికి తీసుకుపోతాడు. కొండారెడ్డి బురుజు మాకు బస్సు దిగి నడిచిపోతుంటే కనిపించే పాత కట్టడం. సినిమా చూసినవాళ్ళకి అది కౌంట్ గారి కోట.

ఫ్యాక్షన్ కట్టుకథ అని నేననను. చచ్చినవాళ్ళున్నారు, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారు, ఊరొదిలి మళ్ళీ రాని కుటుంబాలున్నాయి. కానీ నాయకుడి కోసం కొడవలి పట్టి చచ్చిపోయిన కూలివాడు తెర మీద ఎంతసేపు కనిపించాడు? సుమో గాల్లోకి లేచి కింద పడేంతసేపు. వానలేని ఏళ్ళు, బోర్ల కోసం చేసిన అప్పులు, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి సుగ్గికి పోవడం, ఇవేవీ భయపెట్టవు కాబట్టి సినిమాకి పనికిరాలేదు.

'డ్రాకులా'లో నన్ను ఆపేసిన చోటు రక్తం తాగే చోటు కాదు. రెండో అధ్యాయంలో కౌంట్ తన ఇంగ్లీషు గురించి దిగులు పడతాడు. వ్యాకరణం వచ్చు, మాటలూ వచ్చు. అయినా లండన్‌లో నోరు విప్పగానే పరాయివాడని తెలిసిపోతుందని అతని బాధ. నలుగురిలో ఒకడిగా కలిసిపోవాలి, అందుకోసం జోనథన్ హార్కర్ దగ్గర ఉచ్చారణ నేర్చుకోవాలి. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగానికి చేరిన మావాళ్ళలో చాలామంది చేసింది ఇదే. ఆర్నెల్లలో యాస మార్చేసుకుంటారు. మార్చుకోనివాడిని మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వుతూ అడుగుతారు, "మీ ఇంట్లో బాంబులుంటాయా బ్రో?" నన్నూ అడిగారు. అడిగినవాడు చెడ్డవాడేం కాదు. సినిమాలు బాగా చూసినవాడు, అంతే.

అయితే కౌంట్ దిగులుని మనం ఎవరి నోటి వెంట వింటున్నాం? హార్కర్ డైరీలో. ఆ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు. డాక్టర్ సివార్డ్ ఫోనోగ్రాఫ్‌లో రికార్డ్ చేసుకుంటాడు, మీనా కూచుని అన్నిటినీ టైపు చేసి వరుసలో పెడుతుంది. ఒకటి రెండు ఉత్తరాలు తప్ప డ్రాకులా స్వయంగా రాసింది ఏమీ లేదు. ఒకసారి ఆ కాగితాలు దొరికితే మంటలో వేస్తాడు. ఇంకో కాపీ ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది. రికార్డు మొత్తం అతన్ని వేటాడేవాళ్ళ చేతిలో ఉంది. అతను నిజంగా రాక్షసుడే కావచ్చు. కానీ కానివాణ్ణి కూడా ఇదే పద్ధతిలో రాక్షసుణ్ణి చెయ్యొచ్చు.

దీనికి ఎనభై ఏళ్ళ ముందే, 1818లో, ఇరవై ఏళ్ళ మేరీ షెల్లీ వేరే పని చేసింది. 'ఫ్రాంకెన్‌స్టైన్' నడిమధ్యలో, పేరు కూడా లేని ఆ ప్రాణికి మాట్లాడే అవకాశం ఇచ్చింది. అధ్యాయాల కొద్దీ అతనే చెబుతాడు. గోడ సందులోంచి చూస్తూ భాష నేర్చుకున్నాడు, మిల్టన్‌ని చదివాడు, నీళ్ళలో కొట్టుకుపోతున్న అమ్మాయిని బయటికి లాగాడు. ఆ సాయానికి బదులుగా తుపాకీ దెబ్బ తిన్నాడు. అతను తర్వాత చేసిన హత్యలకి ఇది క్షమాపణ కాదు. కానీ ఆ అధ్యాయాలు చదివాక అతన్ని ఉత్త భూతంగా చూడటం కష్టం.

సీమ విషయంలో ఆ మధ్య అధ్యాయాలు ఇక్కడివాళ్ళే రాసుకున్నారు. కడప జిల్లా నుంచి వచ్చిన కేతు విశ్వనాథరెడ్డి కథలకి 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాటిలో కోటలుండవు, కరువూ బడీ బస్టాండూ ఉంటాయి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'లో పేద ముస్లిం ఇళ్ళున్నాయి. సినిమా చూపించిన సీమలో ఆ ఇళ్ళకి చోటు లేదు.

వ్యాసం ఇక్కడితో ముగిస్తే మావాళ్ళకి హాయిగా ఉంటుంది. మనల్ని బయటివాళ్ళు భూతాలుగా చూపించారు, మన రచయితలు సరిదిద్దారు. కానీ 'ఫ్రాంకెన్‌స్టైన్'లోని డి లేసీ కుటుంబం నన్ను ఇక్కడ ఆగనివ్వడం లేదు.

ఆ ప్రాణి గోడ సందులోంచి గమనించిన కుటుంబం వాళ్ళే. ఒకప్పుడు పారిస్‌లో బాగా బతికారు. మతం వల్ల, డబ్బు వల్ల అన్యాయంగా శిక్షపడిన ఒక టర్కీ వ్యాపారిని ఫెలిక్స్ జైలు నుంచి తప్పించాడు. దానికి ఆస్తి పోయింది, దేశం నుంచి వెళ్ళగొట్టారు. అంటే వాళ్ళూ వెలివేయబడినవాళ్ళే, అదీ పరాయివాడికి సాయం చేసినందుకు. వీళ్ళకన్నా నన్ను అర్థం చేసుకునేవాళ్ళు ఎవరుంటారని ఆ ప్రాణి ఆశపడతాడు. ఆ ఫెలిక్సే కర్ర తీసుకుని చావబాదుతాడు. దెబ్బ తిన్నవాడికి ఎదుటివాడి దెబ్బ కనిపిస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదని షెల్లీకి బాగా తెలుసు.

మాకూ అలాంటి గోడ ఒకటుంది. దాని అవతల ఎరుకలవాళ్ళున్నారు. ఒకప్పుడు వాళ్ళు కోస్తా నుంచి ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని లోపలి ప్రాంతాలకి తెచ్చి అమ్మేవాళ్ళు. ప్రభుత్వపు ఉప్పు విధానం, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారాన్ని ఎలా తినేశాయో పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. బతుకుతెరువు పోయాక ముద్ర పడింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. పేరు నమోదు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. సెటిల్‌మెంట్ అంటే అందరికీ స్టూవర్టుపురమే గుర్తొస్తుంది. అప్పటి కర్నూలు జిల్లాలోని సిద్ధాపురం కూడా అలాంటిదే. నా వృత్తి భాషలో చెప్పాలంటే, యూజర్ లాగిన్ కాకముందే బ్లాక్ చేసి, ఆ బ్లాక్‌ని పిల్లలకి కూడా వారసత్వంగా ఇవ్వడం.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో, దేశమంతటా 1952లో ఎత్తేశారు. చూపుని ఎత్తేయడానికి చట్టం చాలలేదు. దొంగతనం జరిగితే అనుమానం మొదట ఏ గుడిసెల వైపు పోతుందో పల్లెలో పెరిగినవాళ్ళకి వేరే చెప్పాలా? కులం పేరే తిట్టుగా వాడుకునే ఊళ్ళు మావి. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్ళి సోది చెప్పిన కథ మాత్రం భక్తిగా వింటాం. వేషంలో దేవుడొస్తే పీట వేస్తాం. నిజంగా ఎరుకలామె వస్తే గేటు దగ్గరే నిలబెడతాం.

"సీమవాళ్ళని సినిమాలు అవమానించాయి" అనే మాటకి బలం రావాలంటే, ఆ మాట మన ఊరి చివరి గుడిసెల దాకా పోవాలి. అక్కడికి పోని ఆత్మగౌరవం ఫెలిక్స్ చేతిలో కర్ర లాంటిది. ఎరుకల బతుకు గురించి పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ' ఉంది. కేతుని, షరీఫ్‌ని చదివే గర్వంతోనే దాన్నీ చదవాలి. అందులో కొన్ని చోట్ల మనం కోటలో ఉన్నవాళ్ళుగా కనిపించవచ్చు. అయినా చదవాలి.

డి లేసీ ఇంట్లో ఆ ప్రాణి మాట విన్నది గుడ్డి ముసలాయన ఒక్కడే. మొహం చూడలేడు కాబట్టి మాటని నమ్మాడు. చివరికి అసలు నువ్వెవరివని అడుగుతాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంటుంది, కొడుకు లోపలికొస్తాడు. ఆ ప్రశ్నకి జవాబు నవలలో ఆ ముసలాయన ఎప్పటికీ వినడు.