ఎముకల్లో ఏడు నదులు

ఓ తెల్లదానా! ఓర్వకల్లు రాళ్ల మధ్య దారి తప్పిన వెన్నెలా! కంకర మీద కుంటుతూ వచ్చి, కళ్లెం ఊడిన నోటితో గాలిని తాగి, మెడ వాల్చి, మూతి చాచి, నిన్ను రోడ్డున వదిలేసిన మనుషుల చేతికే మళ్లీ నుదురు అందించినదానా! ఏ రేవులో దిగిన నెత్తురు నీది? ఏ ఏటి నీళ్లు తాగి గట్టిపడిన ఎముక నీది? నీ జూలులో చిక్కుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీస్తూ అడుగుతున్నాను తల్లీ, నువ్వు ఎవరి బిడ్డవు?

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే బాట పక్కన, యుగాల ఎండకు ఎండి, యుగాల వానకు నాని, యుగాల గాలికి అరిగి నిలిచిన ఈ పలుగురాళ్ల దండు నీకు తోబుట్టువుల గుంపులా ఉంది. పొద్దు వాలే వేళ ఒక్కో రాయి ఒక్కో గుర్రమవుతుంది. ఎర్రని ఒంటికి నల్లని జూలు దిగితే కుమైత్. ఒళ్లంతా కారునలుపైతే ముష్కీ. తెలుపూ నలుపూ పెనవేసుకుంటే అబ్లఖ్. వెండి కరిగి పారితే నుక్రా. పాత గుర్రపు బేరగాళ్ల దక్కనీ నోట మోగిన పేర్లన్నీ ఈ బండల మీద ఎండ మళ్లీ పలుకుతుంది. రాళ్ల నడుమ మడుగు ఆ వన్నెలన్నిటినీ వంపులు వంపులుగా మోస్తుంది. ఆ మడుగు ఒడ్డున నువ్వు వంగి నీళ్లు తాగుతుంటే, నీళ్లలో నీ నీడ వణుకుతుంటే, గుటక గుటకకూ నీ గొంతు కింద నరం కదులుతుంటే, ఈ కొండల కొలువులో ఊపిరున్న శిల్పం నువ్వొక్కతెవే.

పాలకడలి చిలికితే పుట్టిన ఉచ్చైశ్రవం నాటి నుంచి తెల్ల గుర్రమంటే మనుషులకు మైకం. నిన్ను కొన్నవాడు నీ కాళ్లు తడమలేదు, నీ ఊపిరి వినలేదు. నీ తెలుపు చూసి బయానా ఇచ్చాడు. జనరేటర్ బండి వెలుగులో, బ్యాండు మోతలో, టపాకాయల పొగలో, జరీ వస్త్రం కప్పుకుని, నుదుట అద్దాల పట్టీ కట్టుకుని, తారు రోడ్డు మీద డెక్కలు జారుతుంటే జారనివ్వక, ఎందరు పెళ్లికొడుకులను మోశావో, ఎన్ని బరాతుల్లో బెదిరిన గుండెను పళ్ల బిగువున దాచుకున్నావో! కాలు వాచిన నాడు అదే తెలుపు ఎవరికీ అక్కరకు రాలేదు.

ఆ తెలుపును వేళ్లతో పాయలు తీసి చూశాను. అడుగున చర్మం నేరేడు పండు రంగు! పుట్టు తెలుపైతే, నిజమైన నుక్రా అయితే, తోలు గులాబీ వన్నెలో మెరిసేది. నీది కాలం కప్పిన తెలుపు. నల్లగానో ఎర్రగానో పుట్టావు నువ్వు. పాత వెంట్రుక రాల్చుకుంటూ, కొత్త వెంట్రుక తొడుక్కుంటూ, కారుమబ్బులోంచి బూడిదలోకి, బూడిదలోంచి వెన్నెలలోకి ఏటేటా అడుగడుగునా నడిచి వచ్చావు. భుజం మీదా దవడ కిందా మెరిసే ఆ తుప్పు రంగు చుక్కలు ఆ నడకలో నీ ఒంటిని వదలని సంజ కెంజాయలు. ఎక్కడో ఆస్ట్రియా చక్రవర్తుల శాలల్లో పేరుమోసిన లిపిజానర్లకూ ఇదే వరుస: ముదురు రంగులో పుట్టి, ఏళ్లు గడిచాక తెల్లబడతాయి. అరబ్బీలో ఈ తెలుపుంది, మార్వాడీలో ఉంది, సంతకు సామాన్లు మోసే తట్టు గుర్రంలోనూ ఉంది. వన్నె నీ ఏళ్లను చూచాయగా చెప్పింది. వంశం దగ్గరికొచ్చేసరికి పెదవి బిగించింది.

ఇక నీ సుళ్లు! నుదుటి నడుమ ఒకటి, గొంతు మీద ఒకటి, గాలి వేలితో గీసిన ముగ్గుల్లా. శాలిహోత్రుడి పేరనా నకులుడి పేరనా నిలిచిన అశ్వశాస్త్రాలు ఈ సుళ్లను జాతకాల్లా చదివాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని ఏకంగా కావ్యమే కట్టాడు. గొంతు మీది సుడిని దేవమణి అన్నారు. నాలుగు కాళ్లూ మొగమూ తెల్లనైతే పంచకల్యాణి అని పొంగిపోయారు. అంతవరకూ ముచ్చటే. కానీ సుడి మంచిది కాదని బేరం విరిగి, చేతులు మారి, ఊళ్లు మారిన గుర్రాల గోడు ఏ శాస్త్రం రాసింది? నాకైతే ఆ జోస్యం మీద నమ్మకం లేదు. గుర్రాల గుర్తింపు పత్రాల్లో పశువైద్యులు నేటికీ సుళ్ల చోట్లు బొమ్మ మీద గుర్తు పెడతారు, మనకు వేలిముద్రలా. ఆ గుండ్రటి రాతలో నీ యజమాని భాగ్యం రాసి లేదు. నువ్వు నువ్వేనని మాత్రం రాసి ఉంది.

వన్నె మౌనం పట్టిన చోట ఎముక నోరు విప్పింది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు దిగినప్పుడు, ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే సంగమేశ్వరం గుడి శిఖరం తేలి, గోడ తేలి, చివరికి వేపదారు లింగం తేలి దర్శనమిస్తుంది కదా! అలాగే నీ ఒంటి మీద కండ దిగిపోయాక నీ పూర్వులు ఒక్కొక్కరే పైకి తేలారు. చూడడానికి కడుపు తరుక్కుపోతుంది. చూడకుండా ఉండలేను.

అంతలో ఓర్వకల్లు ఆకాశంలో విమానం మోగింది. 2021లో తెరుచుకున్న ఆ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు; పేరులోనే డెక్కల చప్పుడుంది. నీ చెవులు చివ్వున లేచాయి. కొనలు లోపలికి వంగి, ఒకదాని చెంతకొకటి చేరి, తాకబోయి ఆగిపోయాయి! తాకి ఉంటే జోధ్‌పూర్ ఇసుకల మార్వాడీవనో, సౌరాష్ట్ర కాఠియావాడీవనో అక్కడికక్కడే దండం పెట్టేసేవాణ్ణి. ఆ రెండు కొనల మధ్య మిగిలిన వేలెడు ఆకాశంలో ఎన్ని తరాల కలయిక కాపురముందో! పక్కగా నిలబడి చూస్తే కంటికీ ముక్కుకూ నడుమ చిన్న పల్లం, అలసిన అల విరిగే ముందు వంగిన వంపు, ముక్కుపుటాలు వెడల్పు, గాలి తగిలితే తోక మొదలు పైకి లేస్తుంది. అది అరబ్బీ జ్ఞాపకం. కిందికి దిగితే కథ మారిపోయింది. మోకాలి కింద ఎముక పొట్టి, గట్టి. డెక్క చిన్నది, నల్లది, బండ మీద పడితే బండలాగే పలికేది. అది భీమా లోయ ఇచ్చిన దక్కనీ గుర్రం, భీమ్‌థడీ సొత్తు; ధనగర్ల గొర్రెల మందల వెంట మూటలు మోస్తూ గుట్టలు దాటిన కాలు. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో దౌడు తీసే పందెపు గుర్రాల పొడవాటి కాళ్లు, పల్లం లేని తిన్నని మొగం, మూపు దగ్గర 60 అంగుళాలు దాటే ఎత్తు నీలో వెతికాను. ఆ జాడ లేదు.

సంగమేశ్వరంలో ఏడు నదులు కలుస్తాయంటారు: తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. దోసిట పట్టిన నీళ్లలో ఇది భీమ, ఇది భద్ర అని ఎవరు వేరు చేయగలరు? నీ ఎముకల్లోనూ ఆ సంగమమే సాగుతోంది. ఎడారి ఎండమావి ఒక పాయ, సముద్రపు ఉప్పు ఒక పాయ, సహ్యాద్రి జల్లు ఒక పాయ, సీమ దుమ్ము ఒక పాయ.

సముద్రపు ఉప్పు అన్నాను కదా! హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడలెక్కి, అలలకు తూలి, పడమటి రేవుల్లో దిగి, కనుమలు దాటి విజయనగరానికి నడిచిన గుర్రాలెన్ని! సాళువ నరసింహుడు బతికిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ వెల కట్టేవాడట. సముద్రం మీద చచ్చినదానికి తోక తెచ్చి చూపితే చాలు, సొమ్ము చెల్లించేవాడని పోర్చుగీసు నూనిజ్ రాసిపెట్టాడు. తోకకు సైతం వెల దొరికిన నేల ఇది! ఆముక్తమాల్యదలో కృష్ణరాయలు రేవులు బాగుచేసి ఏనుగులూ గుర్రాలూ దిగేలా చూసుకొమ్మని రాజనీతి చెప్పాడు. ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలతో పాటు నాటు గుర్రాలనూ విజయనగర రాజు కొనేవాడని అదే నూనిజ్ లెక్క. రాజ్యాలు పోయాయి, కోటలు కూలాయి. ఆ గుర్రాల నెత్తురు పాలెగాళ్ల శాలల్లోకి, నవాబుల నగారాల వెంటకి, జట్కా బండి నొగల మధ్యకి, ఆఖరికి బ్యాండు మేళం వెనక్కి ఇంకుతూ ఇంకుతూ వచ్చి ఉంటుంది. శ్రీశైలం ప్రాకారపు గోడ మీద మాత్రం అవి రాతిలో నేటికీ అలసట లేకుండా పరుగెడుతున్నాయి.

అడగకున్నా మరొకటి చెప్పాలనిపిస్తోంది. ఈ సీమలోని పత్తికొండలో 1827లో కలరాతో కన్నుమూసిన గవర్నరు థామస్ మన్రో మద్రాసులో కంచు గుర్రమెక్కి కూర్చున్నాడు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచాడని కొందరు, కావాలనే వదిలాడని కొందరు కథలుగా చెప్పుకుంటారు. జీను ఒరిసి కాయకట్టిన నీ వీపును అరచేత్తో నిమురుతుంటే నాకు ఆ కంచు గుర్రం మీద అసూయ కలిగింది.

గొర్రెలు తోలుకుపోయే ముసలాయన ఆగి, నిన్ను ఎగాదిగా చూసి, "యా జాతిది సామీ ఇది?" అన్నాడు. నా నోట చెవులూ ముక్కుపుటాలూ రాకముందే నీ పక్కటెముకలు చూపుతోనే లెక్కబెట్టి, "జాతిదేముంది లేబ్బా, ముందు దీనికింత గడ్డి ఎయ్యండి" అని కర్ర ఊపుకుంటూ పోయాడు. శాస్త్రమూ ఆయన వైపే. ఆకలి ఒంటికి అబద్ధాలు నేర్పుతుంది: మెడను సన్నం చేస్తుంది, తుంటిని మొన తేలుస్తుంది, వెంట్రుకను మసకబరుస్తుంది. ఎండ ముష్కీనైనా గోధుమ వన్నెకు తెస్తుంది. హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రముంది. రక్తపు బొట్టులో, వెంట్రుక కుదురులో జన్యువులు చదివే విద్య వచ్చింది. అయినా నా తీర్పు అడిగితే చెబుతాను వెన్నెలా: చెవిలో మార్వాడీ, మొగంలో అరబ్బీ, కాలిలో దక్కనీ. కాగితం మీద రాయాల్సి వస్తే "దక్కన్ నాటు, సంకరం" అని రాసి, పక్కన రంగు గడిలో "తెలుపు; నల్ల చర్మం, తుప్పు చుక్కలు" అని చేరుస్తాను.

చదివేవారికి ఒక మాట. ఏ దారి పక్కనైనా ఇలా చిక్కి శల్యమైన గుర్రం కనిపిస్తే నీడకు చేర్చండి, నీళ్లు పెట్టండి, పశువైద్యుడికి కబురు చేయండి. జాలిపడి గంపెడు ఉలవలు ఒక్కసారి పెట్టకండి; పస్తులతో ఎండిన పేగుకు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎండుగడ్డి కొద్దికొద్దిగా, రోజుకు పలుమార్లు వేయండి. దాణా సంగతి వైద్యుడు చెప్పాక చూడొచ్చు. జాతి సంగతి ఒంటి మీదికి కండ వచ్చాక తేల్చుకోవచ్చు.