బుడుగుకు అక్కరలేని స్నేహితుడు

వొంటరి పిల్లల ఊహాలోకం కథలో కనబడగానే దాన్ని అంతరాత్మ ఏకాంతమని కొనియాడే విమర్శకులు మనలో వున్నారు. అదంతా పెట్టుబడిదారీ సమాజం అంటించిన జబ్బని కొట్టిపారేసేవారూ వున్నారు, వీరు మనవారే. యిద్దరితోనూ నాకు పేచీ వుంది.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ 1956-57లో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది. ఆ యింట్లో అమ్మా నాన్నా, బామ్మా బాబాయీ. పక్కింట్లో సీగాన పెసూనాంబ. మాటాడ్డానికి మనిషి కరువన్న మాట లేదు. అంచేత బుడుగు కల్పనాశక్తి అంతా యెదుటి మనుషుల్ని ఆడించడానికే ఖర్చయింది. మనం చదివి నవ్వుకున్నాం గాని, ఆ నవ్వు వెనక నిండు యిల్లుందని గుర్తించలేదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన మాదాపూర్‌లో, వొక అపార్టుమెంటులో, నాకు తెలిసిన అయిదేళ్ళ పిల్ల వుంది. తల్లీ తండ్రీ కంప్యూటరు వుద్యోగులు. వొకరిది పగటి డ్యూటీ, వొకరిది అమెరికా వేళల డ్యూటీ. నేను సోఫాలో కూర్చోబోతే ఆ పిల్ల కేకేసింది: “తాతయ్యా, అక్కడ చిన్నా కూచున్నాడు!” జరిగి కూర్చున్నాను. బిస్కట్టు విరిచి సగం ఆ ఖాళీ జాగాలో పెట్టింది. వాడితో మాట్లాడవేమని కాసేపటికి అడిగాను. “వాడికి మీటింగుంది. అయ్యేదాకా పిలవకూడదు,” అన్నది గొంతు తగ్గించి.

సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో పిల్లల ఆటను గురించి వుపన్యసించాడు. బతుకులో తీరని కోరికను పిల్లలు ఆటలో తీర్చుకుంటారన్నాడు. అయినా ఆ ఊహకూ నియమాలుంటాయనీ, అవి బతుకులోంచే వస్తాయనీ అన్నాడు. యీ పిల్ల కోరిక తోడు. నియమం మీటింగు. నియమమే గెలిచింది!

యిక జబ్బు మాట. అమెరికాలో మార్జరీ టేలర్ బృందం 2004లో ప్రకటించిన అధ్యయనంలో, ఏడేళ్ళు వచ్చేలోగా నూటికి 65 మంది పిల్లలకు, బొమ్మ రూపంలోనైనా సరే, యిలాంటి నేస్తం యెప్పుడో వొకప్పుడు వుండినట్టు తేలింది. ఆ నేస్తాల్లో మాట వినని మొండివాళ్ళూ కద్దు. అంటే పిల్లలు చేసుకునేది తమ అద్దాన్ని కాదు, యెదురు చెప్పగల మనిషిని. యిందులో ఏకాంతం యెక్కడ? వొక్క గదిలో యిద్దరి సంఘం వుంది.

నేను చదివిన హైటెక్ సిటీ కథల్లో తల్లి అలసట వుంది, ఇంటి అప్పు వాయిదాలున్నాయి, రాత్రి క్యాబూ వుంది. సోఫాలో ఆ ఖాళీ జాగా మాత్రం లేదు. దాన్ని రాసేవాడు పిల్లను జాలిబొమ్మ చెయ్యకుండా, వేదాంతిని చెయ్యకుండా, ఆ సగం బిస్కట్టు దగ్గర ఆగగలగాలి.

వచ్చేటప్పుడు మళ్ళీ అడిగాను. చిన్నా మీటింగు యింకా అవలేదట.