ఫ్రెంచి పదసంధి: ఆగమవిచారము

ఫ్రెంచిభాషయందుఁ బదాంతమున మౌనముగానుండు హల్లు అచ్చు పరమగునపుడు పలుకఁబడును. దీనిని ‘లియెజోన్’ అందురు. వినినంతనే యిది మన యడాగమమువలెఁ దోఁచును. ఆ తలంపు నిలువదు.

‘మాయమ్మ’ యనుచో యకారము ఉభయపదములలో దేనికిని జెందదు. ‘పెతి’ (చిన్న) యనుదానికి ‘అమి’ (మిత్రుఁడు) పరమై ‘పెతితమి’ యగుచో తకారము పూర్వపదముయొక్క సొమ్మే. స్త్రీలింగమున ‘పెతిత్’ అని స్ఫుటముగా వినఁబడుటయే తార్కాణము. పూర్వకాలమునఁ బలుకఁబడిన పదాంతహల్లు హల్లునకు ముందు లోపించి, అచ్చునకు ముందు నిలిచినది. కావున దీనికి సాటి, ‘వచ్చెనతఁడు’ అనుచో నిలుచు ద్రుతనకారమే.

అయినను ద్రుతమునకు లేని యర్థభారము దీనికిఁ గలదు. ‘లోరమి’ యన్న వారి మిత్రుఁడు. ‘లోర్జమి’ యన్న వారి మిత్రులు. దంత్యజకార మొక్కటియే యిచట బహువచనమును దెలుపును.

నిషేధమును గలదు. ‘లే’ యను బహువచనోపపదమునకు ‘ఎరో’ (వీరుఁడు) పరమైనచో సంధి లేదు. చేసినచో ‘లేజెరో’ యగును. అప్పుడు వీరులు సున్నలగుదురు!

నిజమైన యాగమము ‘అతిల్’ (అతనికిఁ గలదా) వంటి ప్రశ్నలయందుఁ గానవచ్చును. నేఁటి ‘అ’ యను క్రియయందు తకారము లేదు. ‘ఎతిల్’ మున్నగువాని సామ్యముచే వచ్చి చేరినది.

శ్రుతిసామ్యము మాత్రమే చూచి యీ రెంటికి నొకే పేరిడుట శాస్త్రము గాదు. వర్ణ మెక్కడిదో తెలిసిన పిదపనే సంజ్ఞ చేయవలయును.