ఎముకలు చెప్పే వయస్సు

మేడ్చల్ సమీపాన రావల్కోల్ వంటి గ్రామంలో బడి రికార్డుగాని, జనన ధ్రువపత్రంగాని లేని కుర్రవాడొకడు నేరారోపణపై న్యాయస్థానానికి వచ్చాడనుకొందాము. అతడు బాలుడా, పెద్దవాడా? జవాబును అప్పుడు ఎక్స్‌రే చిత్రంలో వెదుకుతారు. మణికట్టు చిత్రాలను పోల్చి చూడడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న గ్రంథం, గ్రూలిక్, పైల్ అనువారు 1950లో ప్రకటించి 1959లో సవరించిన అట్లాసు. ఆ గ్రంథం ఈ భారాన్ని మోయగలదా అన్నదే ఇక్కడి విచారణ.

దాని గుణం స్పష్టత. శిశువు పుట్టేనాటికి మణికట్టులోని 8 చిన్న ఎముకలు సాధారణంగా మృదులాస్థిగానే ఉండి ఎక్స్‌రేలో కానరావు. తరువాత ఒక క్రమంలో గట్టిపడి కనబడతాయి. పొడవైన ఎముకల కొసలవద్ద మృదులాస్థి పొర ఉన్నంతకాలం ఎముక పొడవు పెరుగుతుంది. అది ఎముకగా మారి అతుక్కొనగానే పెరుగుదల ఆగుతుంది. ఈ దశలను బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఈ గ్రంథం చక్కగా చూపింది. పెరుగుదల లోపాలను గుర్తించడంలో దీని మేలు కాదనరానిది.

లోపం మరొకచోట ఉన్నది. ఆ చిత్రాలు 1931–1942 మధ్య అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, చాలవరకు కలిగిన కుటుంబాల పిల్లలకు తీసినవి. పైగా ఒక్కొక్క వయస్సుకు ఒక్కటే ప్రమాణ చిత్రం. ఒకే ఈడు పిల్లల మధ్య ఉండే తేడా పట్టికలలో తప్ప చిత్రంలో కానరాదు. తిండి చాలని పిల్లల ఎముకలు ఆలస్యంగా పక్వమవుతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గ్రామీణ బాలురను పరిశీలించి, చిన్ననాడు పోషణ లోపించినవారిలో యౌవనారంభపు ఎదుగుదల ఆలస్యమవుతుందని 1980లో తెలిపారు. కాబట్టి అట్లాసు కొలిచేది పక్వతను, వయస్సును కాదు.

టానర్, వైట్‌హౌస్ 1962లో 20 ఎముకలకు విడివిడిగా మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. అది సూక్ష్మమైనదే, కాని దాని ప్రమాణాలూ బ్రిటిషు పిల్లలవే.

ఎక్స్‌రే అంచనా ఇటు రెండేండ్లు, అటు రెండేండ్లు తప్పవచ్చునని 1982లో జయమాల కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. 17 అని తేలినవాడు 15 కావచ్చు, 19 కావచ్చు. అందుకే 2015 నాటి బాల న్యాయ చట్టం బడి పత్రానికి, అది లేనిచో పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రానికి ప్రాధాన్యమిచ్చి, ఎముకల పరీక్షను చివరకు ఉంచింది.

అయితే ప్రవేశ పట్టికలో ఉపాధ్యాయుడు ఉజ్జాయింపుగా వేసిన తేది ఎక్స్‌రేకన్న నమ్మదగినదేమీ కాదు. విచారించి వ్రాసిన నిజమైన పుట్టినతేది మాత్రం ఏ అట్లాసుకన్నా గట్టి సాక్ష్యం.