నిన్నటిని దాచే విద్య

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని, ఫొటోలన్నీ అందులోకి లాగేసి, "బ్యాకప్ అయిపోయింది" అనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అది కాపీ. బ్యాకప్ వేరే విద్య. ఫలానా ఫైలు మొన్న మంగళవారం ఎలా ఉందో, పోయిన సంక్రాంతికి ఎలా ఉందో అడిగితే తీసి చూపించాలి. ఇన్ని రోజుల రూపాలు దాచినా చోటు మాత్రం ఒక్క రోజుదానికన్నా కాస్తే ఎక్కువ తినాలి. మూలన పడున్న పాత డెస్క్‌టాప్ మీద ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని రాసినవాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

మూలపురుషులెవరంటే నేను బెల్ ల్యాబ్స్ వైపు చూపిస్తాను. షాన్ క్విన్లన్, షాన్ డార్వర్డ్ 2002లో 'వెంటీ' అనే నిల్వ పద్ధతిని ప్రకటించారు. అందులో ప్రతి డేటా ముక్కకూ దాని లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన హ్యాషే చిరునామా. అదే ముక్క వందసార్లు వచ్చినా చిరునామా ఒకటే, కాబట్టి చోటూ ఒకటే. ఒక్క అక్షరం మారితే చిరునామాయే మారిపోతుంది, ఇక పాతదాని మీద కొత్తది రాసే ప్రసక్తే లేదు. చోటు పొదుపు, చెరిగిపోని భద్రత రెండూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి.

అసలు కిటుకు మాత్రం ముక్కను ఎక్కడ కోయాలన్నదే. శతకాన్ని పేజీకి ఇన్ని పంక్తులని లెక్కపెట్టి కోశామనుకోండి. మొదట్లో ఒక్క పద్యం చేర్చగానే పంక్తులన్నీ కిందికి జరిగి, ఏ పేజీ కూడా పాతదానితో సరిపోదు. మకుటం కనబడ్డ చోటల్లా కోస్తే? కొత్త పద్యం ఒక్కటే కొత్త ముక్క, మిగతావి చెక్కుచెదరవు. కంప్యూటర్ ఫైలులో ఆ మకుటాన్ని పట్టుకోవడం ఎలాగో 2001లో అథిచా ముథితాచరోయెన్, బెంజీ చెన్, డేవిడ్ మాజియేర్ చూపించారు. 48 బైట్ల చొప్పున చూస్తూ, ఒక్కో బైటు ముందుకు జరుగుతూ హ్యాష్ లెక్కగడతారు. ఆ లెక్కలో చివరి కొన్ని బిట్లు ముందే అనుకున్న విలువతో కలిసినచోట కోత పడుతుంది. అంటే ఎక్కడ తెగాలో ఫైలే చెబుతుంది! ఇంత చిన్న లెక్కతో ఇంత పెద్ద చిక్కు విప్పడం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ విద్యను మన ఇంటిదాకా తెచ్చింది బోర్గ్ అనే ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్. యోనస్ బోర్గ్‌స్ట్రోమ్ రాసిన 'ఆటిక్' నుంచి 2015లో చీలి, థామస్ వాల్డ్‌మన్ చేతుల్లో ఎదిగింది. పాతకాలపు ఇంక్రిమెంటల్ (మార్పులే దాచే) బ్యాకప్‌లో సోమవారంది పాడైతే, దాని మీద ఆధారపడ్డ మంగళ, బుధవారాలవీ పోతాయి. బోర్గ్‌లో ప్రతి రోజు ఆర్కైవూ దానికదే సంపూర్ణం. నడిమి రోజుది తీసేసినా, మిగతా రోజులు వాడుకుంటున్న ముక్కలు అలాగే ఉంటాయి. దీనికి పోటీ సాఫ్ట్‌వేర్ రెస్టిక్ అభిమానులు కోపగించుకుంటే కోపగించుకోనీండి, నేను బోర్గ్ పక్షమే. రకరకాల క్లౌడ్‌లలోకి నేరుగా రాయడంలో రెస్టిక్‌దే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ డేటాను కుదించి దాచడం దానికి 2022లో గానీ రాలేదు.

ఇక స్నాప్‌షాట్, అంటే ఫైళ్లు ఆ క్షణాన ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచిన రూపం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ అహ్రెన్స్ 2001లో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పని మొదలుపెట్టారు. అందులో రాసినచోట మళ్లీ రాయరు, మార్పు ఎప్పుడూ కొత్త చోటికే వెళ్తుంది. అందుకే స్నాప్‌షాట్ తీయడమంటే పాత చోట్లను వదిలేయకుండా పట్టి ఉంచడమే. క్షణం పట్టదు. రాస్తుండగా కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ సగంలో విరగదు, మన ఊళ్లలో అది చిన్న విషయం కాదు.

ఇంత విద్య చేతిలో ఉండగా జనం దేన్ని నమ్ముతున్నారు? ఫోన్ సింక్‌ను! ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని బ్యాకప్ అని అమ్ముతున్నారు. పాత రూపాలు కొన్నాళ్లు ఉంచే సంస్థలు లేకపోలేదు, ఆ గడువు మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది. నిబంధనలూ వాళ్లవే: గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1న ఉచిత అపరిమిత నిల్వకు స్వస్తి చెప్పింది. ఒకే డేటాను రెండు డిస్కుల్లో రాసే రెయిడ్ పెట్టుకుని గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయేవాళ్లు ఇంకో రకం. డిస్కు చస్తే రెయిడ్ కాపాడుతుంది, మీరే చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా చెరుపుతుంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోనూ కొన్నింటికి తాళాలు వేసింది. అలాంటిదానికి రెయిడ్ ఏం అడ్డు?

సరుకులోనూ దగా ఉంది. నాస్ (నెట్‌వర్క్ నిల్వ) సర్వర్ల కోసమని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని, ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఒరిగే ఎస్ఎంఆర్ రకమని 2020లో బయటపడింది. చెడిన డిస్కు స్థానంలో దాన్ని పెట్టి జెడ్‌ఎఫ్‌ఎస్ తిరిగి నింపుకోబోతే రోజుల తరబడి ఈడ్చేది, లేదా మధ్యలో చేతులెత్తేసేది. పెట్టె మీద ఆ మాట లేదు. కొనేముందు 'సీఎంఆర్' (ట్రాకులు ఒరగని రకం) అని ఉందో లేదో చూసుకోండి.

పెట్టుకునే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ఆ పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ లినక్స్ వేసి, దాన్నే సర్వర్‌గా చేసి, సమాన పరిమాణం గల రెండు డిస్కులతో జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ కట్టండి. ఎల్‌జెడ్4 కంప్రెషన్ పెట్టండి. జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత డీడూప్ (ఒకేలాంటి ముక్కలను ఒక్కసారే దాచడం) మాత్రం ముట్టుకోవద్దు. 1 టీబీని 128 కేబీ ముక్కలుగా చూస్తే 80 లక్షలకు పైగా లెక్కలు, ఒక్కోదానికి సుమారు 320 బైట్లు, అంటే 2.5 జీబీ ర్యామ్ దానికే పోతుంది. ఆ పని బోర్గ్‌కు వదలండి. గంట గంటకూ స్నాప్‌షాట్ తీయడానికి జిమ్ సాల్టర్ రాసిన శానాయిడ్ ఉంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లన్నిటి బ్యాకప్‌లనూ రాత్రిళ్లు ఎస్ఎస్‌హెచ్ మీదుగా బోర్గ్‌తో సర్వర్‌కు పంపాలి. 7 రోజువారీ, 4 వారపు, 6 నెలవారీ ఆర్కైవ్‌లు ఉంచి మిగతావి ప్రూన్ చేస్తే (తీసేస్తే) చాలు. ఆ తర్వాత బోర్గ్ కాంపాక్ట్ ఆదేశం నడపకపోతే చోటు ఖాళీ అవదు. డిస్కులన్నీ చదివి తప్పులు వెతికే జెడ్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ నెలకోసారి నడపండి.

అయినా ఇదంతా ఒకే ఇంట్లో ఉంటే ఒక్క దొంగ చాలు. పిల్లలు అమెరికాలో, పెద్దలు గుంటూరులో ఉన్న కుటుంబాలకు ఇంకో ప్రతిని వేరే ఇంట్లో ఉంచడం చక్కగా కుదురుతుంది. అక్కడో డిస్కు, ఇక్కడో డిస్కు. మొదటి పూర్తి ప్రతిని సూట్‌కేసులో మోసుకెళ్తే, ఆ తర్వాత నెట్‌లో ప్రయాణించేవి కొత్త ముక్కలే.

ఇంత చేసినా తీసి చూడనిదాన్ని నమ్మొద్దు. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచే సంస్థ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. చూస్తే వాళ్లు నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులు ఒక్కటీ పనికి రాలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ గట్టెక్కించింది. అంతటివాళ్లకే అలా జరిగింది. అందుకే నెలకో ఫైలు బోర్గ్ నుంచి వెనక్కి తీసి తెరిచి చూడండి. పాస్‌ఫ్రేజ్ పోతే ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌ను వాల్డ్‌మన్ కూడా తెరవలేడు. పాస్‌ఫ్రేజ్‌నూ, బోర్గ్ కీనీ కాగితం మీద ప్రింటు తీసి, బీరువాలో ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.