కదిలే ఇరుసు, కదలని ఇరుసు

బరువు మోసే బండికి రెండు లెక్కలుంటాయి. మొత్తం ఎంత మోస్తున్నదన్నది ఒకటి. ఆ బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతున్నదన్నది రెండోది. మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా అక్కడికి చెరకు తోలినవాళ్లకు ఈ రెండో లెక్క కాగితం లేకుండానే తెలుసు. అమెరికాలో పెద్ద ట్రైలర్ నడిపే డ్రైవర్‌కూ అదే లెక్క. ఆయన మాత్రం దాన్ని కాంటా చీటీ మీద చదివి సరిచేసుకుంటాడు. ఈ రెండు పద్ధతుల్లో ఏది ముందున్నదని అడగడం కంటే, తప్పు ఎక్కడ పుడుతున్నది, దాన్ని ఎవరు ఎప్పుడు దిద్దగలుగుతున్నారు అని అడిగితే ఎక్కువ విషయం తేలుతుంది.

ఎడ్లబండికి ఇరుసు ఒక్కటే. చెరకు వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, ఎడ్ల మెడకు కట్టిన తాడు గొంతుకు బిగుస్తుంది. ముందుకు ఎక్కువైతే భారమంతా మెడల మీదికొస్తుంది. కాడి కొంచెం కిందికి వాలాలి, అంతే. ట్రాక్టర్ వచ్చినా సూత్రం మారలేదు. రెండు చక్రాల ట్రాలీలో వడ్ల బస్తాలు మరీ ముందుకు పేరిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. మరీ వెనక్కి పేరిస్తే ట్రాలీ హుక్కును పైకి లాగుతుంది, పెద్ద చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. ఇక్కడ ఇరుసు కదలదు. కదిలేది బస్తా. దిద్దుబాటంతా నింపేటప్పుడే, హమాలీల చేతిలోనే జరిగిపోతుంది.

అమెరికా పద్ధతి దీనికి తలకిందులు. 53 అడుగుల పెట్టెకు గోదాములోనే సీలు పడుతుంది. లోపల ఏముందో డ్రైవర్ చాలాసార్లు చూడనైనా చూడడు. సరుకును జరపలేడు గనక దాని కిందున్న చక్రాలనే జరుపుతాడు. వెనక జంట ఇరుసులు ఒక చట్రానికి బిగించి ఉంటాయి. ఆ చట్రం ట్రైలర్ అడుగున రెండు పట్టాల వెంట జారుతుంది. పట్టాలకు సాధారణంగా నాలుగు లేదా ఆరు అంగుళాలకొక రంధ్రం ఉంటుంది, నాలుగు పిన్నులు వాటిలో కూర్చుంటాయి. ట్రైలర్ బ్రేకులు వేసి లివర్ లాగితే పిన్నులు బయటికొస్తాయి. ఇంజన్ బండిని మెల్లగా ముందుకు నడిపితే చక్రాలు ఉన్నచోటే ఉండి పైన పెట్టె మాత్రం కదులుతుంది, అంటే ఇరుసులు వెనక్కి జరిగినట్టు. తర్వాత దిగి, నాలుగు పిన్నులూ కూర్చున్నాయో లేదో కళ్లతో చూసుకోవాలి. అవి సరిగా పడకపోతే గట్టి బ్రేకు వేసినప్పుడు చక్రాల చట్రం జారి ఊడిపోయే ప్రమాదముంది.

ఒక్క రంధ్రం జరిపితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ట్రైలర్, సరుకు కలిపి 27 టన్నులు. ముందు కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ఇంజన్ బండికి తగిలించే పిన్ను) నుంచి బరువు కేంద్రం 6.6 మీటర్లు, జంట ఇరుసుల నడిమధ్య 11.5 మీటర్లు. వెనక ఇరుసుల మీద పడేది సుమారు 15.5 టన్నులు. అక్కడి ఫెడరల్ చట్టం జంట ఇరుసులకు ఒప్పుకునేది 34,000 పౌండ్లు, అంటే 15.42 టన్నులు. ఇరుసులను 15 సెంటీమీటర్లు, ఒక్క రంధ్రం, వెనక్కి జరిపితే 15.3 టన్నులకు దిగుతుంది. దాదాపు 200 కిలోలు ఇంజన్ బండి ఇరుసుల మీదికి పోయాయి. మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు, అయినా బండి చట్టంలోకి వచ్చింది.

అదే బండి కాలిఫోర్నియాలో అడుగుపెడితే కథ మారుతుంది. అక్కడ కింగ్‌పిన్ నుంచి చిట్టచివరి ఇరుసు దాకా 40 అడుగులు, అంటే 12.19 మీటర్లు దాటకూడదు. జరపకముందు మన ట్రైలర్ చివరి ఇరుసు 12.12 మీటర్ల దగ్గరుంది, జరిపాక 12.27. బరువు సరిపోయింది, పొడవు తప్పింది. ఇక మిగిలిన దారి సీలు విప్పించి సరుకును ముందుకు జరపడమే. మల్లాపూర్ హమాలీ మొదటే చేసే పనిని అక్కడ ఆఖరుకు చేయాలి, అదీ పేర్చినవాళ్ల తప్పుకు డ్రైవర్ పొద్దు పోగొట్టుకుని.

అలాగని మన పద్ధతే గొప్పదనుకుంటే పొరపాటు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీది ట్రైలర్లకు ఇరుసులు సాధారణంగా చట్రానికి బిగించే ఉంటాయి. కొన్ని లారీలకుండే లిఫ్ట్ యాక్సిల్ వేరే సంగతి. అది లారీ ఖాళీగా పోయేటప్పుడు టైర్లు అరగకుండా చక్రాలను పైకెత్తడానికి. మన ధర్మకాంటా చీటీ మీద ఉండేది మొత్తం బరువు, ఖాళీ బరువు, సరుకు బరువు. అమెరికా ట్రక్ స్టాపుల్లోని కాట్ స్కేల్ ముందు ఇరుసు, ఇంజన్ ఇరుసులు, ట్రైలర్ ఇరుసులు వేర్వేరుగా తూచి చూపుతుంది. ఆ చీటీయే లేకపోతే జారే ఇరుసు ఉన్నా ఎటు జరపాలో తెలియదు.

చట్టంలో మాత్రం ఇరుసుల లెక్క మనకూ ఉంది. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులకు పెంచింది. అమెరికా 15.42 దగ్గరే ఆగింది. అక్కడే ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 దాకా లారీలు తిప్పి చేసిన పరీక్షలో, ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. ఆ లెక్కన ఒంటి ఇరుసుకు 13 శాతం బరువు ఎక్కువైతే రోడ్డు అరుగుదల 60 శాతం పైగా పెరుగుతుంది. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా, సరుకు వెనక్కి కుప్పపడితే వెనక ఇరుసు రోడ్డును తినేస్తూనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి టన్నుకు 2,000 జరిమానా అంటున్నది. లారీ డ్రైవర్ భయపడేది మొత్తం బరువుకే, ఎందుకంటే ఆయనకు చూపే అంకె అదొక్కటే.

కాబట్టి అమెరికా నుంచి తెచ్చుకోవలసింది పట్టాలూ పిన్నులూ కాదు. ఇరుసులు వెనక్కి జరిగిన ట్రైలర్ మలుపులో లోపలికి కోసుకుపోతుంది, ముందుకు జరిగితే తోక బయటికి ఊగుతుంది. మన ఊళ్ల నడుమ ఇరుకు రోడ్లకు రెండూ సరిపడవు. పైగా మన సరుకు బస్తాల్లో, జరపడానికి వీలుగా ఉంటుంది. తెచ్చుకోవలసింది ఇరుసులవారీ చీటీ. దానికి కొత్త కాంటా కొనేదాకా ఆగనక్కర్లేదు. చుట్టూ నేల సమతలంగా ఉంటే ముందు చక్రాలను మాత్రమే ప్లాట్‌ఫామ్ మీదికెక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి మరోసారి తూచి, రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక భారం ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. ఆ అంకె నింపేచోటికే చేరితే హమాలీ పదో ఇరవయ్యో బస్తాలు ముందుకు వేస్తాడు, అంతటితో అయిపోతుంది. దిద్దే నేర్పు మనకు ముందునుంచీ ఉంది. ఎంత దిద్దాలో చెప్పే కొలత వాళ్ల దగ్గరుంది.