రుద్దేదంతా పాలిష్ కాదు

ఆత్మకూరు దాటి నెల్లూరు రోడ్డెక్కగానే ఈ వారం ఓ కొత్త బోర్డు కనపడింది. గంటలో కారు మీద గీతలన్నీ మాయం చేస్తారట. పొడిగుడ్డతో కారు తుడిచే మనిషి కంటపడితే నాకెంత ఒళ్ళు మండుతుందో ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ గీతలు పెట్టేది ఎవరు మరి? రాత్రంతా పడ్డ ఎర్రదుమ్మును పొద్దున్నే మనమే గుడ్డతో పెయింటుకేసి రుద్ది, ఆనక డబ్బిచ్చి తీయించుకుంటాం.

ఎండలో నల్లకారు చూడండి. సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు లాగా గుండ్రటి గీతలు కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా పడ్డ సన్నటి గీతల్లో వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరిసి, చుట్టలు చుట్టినట్టు భ్రమపెడతాయి. పాలిష్ అంటే ఆ గీతను పూడ్చడం కాదు, దాని అడుగు దాకా చుట్టుపక్కల క్లియర్ కోటును, అంటే రంగు మీదుండే పారదర్శక పొరను, అరగదీయడం. ఆ కోటు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మీ చేతిలో ఉన్న ఈ పేపరు కాగితం అంతకంటే మందం.

ఈ అరగదీసే పని చేసే పాలిష్ మెషీన్లంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. అందుకు కారణం ఉదయగిరి. దుర్గం కొండ కింద ఆ ఊళ్ళో చెక్క చెంచాలు చేసే ఇళ్ళున్నాయి. ఇప్పుడు వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నర్ది, బిక్కి లాంటి అడవి కొయ్య తెచ్చి, ముక్కలు కోసి, ఉలితో గుంట తీసి, ఆకురాయి పట్టి, చివర్న ఉప్పుకాగితం వేస్తారు. ఈ పనిలో ఆడవాళ్ళే ఎక్కువ. కాడ మీద పర్షియా పోకడల తీగలూ పూలూ చెక్కుతారు. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి నునుపంతా కొయ్యలోంచే రావాలి. అందుకే గరుకు కాగితంతో మొదలుపెట్టి సన్నదానికి దిగుతారు. ముందు కాగితం గీసిన గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది తీస్తారు. ఆ వేళ్ళకి ఏ మీటరూ అక్కర్లేదు, బొటనవేలు ఒకసారి పోనిస్తే చాలు. అది చూసినవాడికి షెడ్డులో గిర్రున తిరిగే బఫింగ్ మెషీన్ మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అదే మాట ఆత్మకూరులో పాలిష్ పనిచేసే కుర్రాడితో అన్నాను. "చెంచా లోపలంతా చెక్కే గదా సార్. ఎంత గీకినా చెక్కే వస్తది. బానెట్ మీద నాలుగుసార్లు గట్టిగా గీకితే రంగు బయటపడతది" అన్నాడు.

సమాధానం దొరకలేదు. చేత్తో రుద్దితే వేలి కింద ఒక ఒత్తిడి, అరచేతి కింద ఇంకొకటి. కొయ్య ఆ తేడాను ఓర్చుకుంటుంది, క్లియర్ కోటు ఓర్చుకోదు. రోటరీ మెషీన్ అయితే ప్యాడు ఒకే ఇరుసు మీద తిరుగుతూ వేడి పుట్టిస్తుంది, అంచుల దగ్గర ఏమరితే పెయింటు కాలుతుంది. డ్యూయల్ యాక్షన్ మెషీన్‌లో ప్యాడు తిరుగుతూనే కక్ష్యలో ఊగుతుంది. మరీ నొక్కితే తిరగడం మానేస్తుంది. అతి చేయొద్దని ఆ మెషీనే చెబుతుందన్నమాట. అంచులకి టేపు వేసి, రెండడుగుల చదరం తీసుకుని, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నింపాదిగా పోనిచ్చే ఆ కుర్రాడి చేయి ఉదయగిరి చేతికి తీసిపోదు. గోటికి తగిలే గీతను మాత్రం అతను ముట్టుకోడు. "దాని లోతుకి పోతే ఎండనాపే పొర ఉండదు సార్" అంటాడు.

గంటలో అద్దం చేసేవాళ్ళు చాలాసార్లు చేసేది వేరు. నూనె, మైనం గీతల్లోకి దూరి వాటిని దాస్తాయి, నాలుగు కడుగుళ్ళకి గీతలు మళ్ళీ బయటపడతాయి. డబ్బిచ్చే ముందు ఒకచోట స్పిరిట్‌తో తుడిపించి ఎండలో చూడండి.

ఇంకొకటి, మన మెట్టప్రాంతపు బోరునీళ్ళు. ఎండలో కడిగి వదిలేస్తే చుక్క ఆరి సున్నపు మచ్చ మిగులుతుంది, ముదిరితే పెయింటును తినేస్తుంది. మంచినీళ్ళ ఆర్వో ప్లాంటు శుద్ధి చేశాక వదిలేసే నీళ్ళు పట్టుకొచ్చి కడిగేవాళ్ళున్నారు, వాటిల్లో ఉప్పు ఇంకా ఎక్కువ. కడగడం బోరునీళ్ళతోనే కానిచ్చి, చివరి దఫాకి ఓ బిందెడు క్యాను నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో అద్దండి. కారుకి క్యాను నీళ్ళేందని ఇంట్లో అడిగితే, పాలిష్ ఖర్చెంతో చెప్పండి.